అట్లాంటిక్ దాటి అనంతపురం దాకా: చెనక్కాయ లెక్కలు

అనంతపురంలో పొద్దున్నే ఏ చిన్న హోటల్లో కూర్చున్నా ముందు వచ్చేది ఉగ్గాని, బజ్జీ. ఆ ప్లేటులో ఏమేం ఉన్నాయో ఒకసారి చూద్దాం. ఉప్పు, తాలింపు గింజలు పక్కన పెడితే బొరుగులు, ఎర్రగడ్డ, కరివేపాకు, పసుపు, పుట్నాల పొడి, నిమ్మరసం, బజ్జీకి శెనగపిండి. ఈ ఏడూ వెయ్యేళ్ళ కిందట కూడా మన దేశంలో దొరికినవే. మిగిలినవి మూడు: మిరపకాయ, టమోటా, బజ్జీ వేగిన చెనక్కాయ నూనె. వీటి పుట్టిల్లు అమెరికా ఖండం. పదింటిలో మూడే అయినా, నాలుకకు తెలిసే కారం, పులుపు, కమ్మదనం చాలావరకు ఆ మూడింటివే.

ఇవి మన దాకా వచ్చిన దారిని యూరప్ వాళ్ళ ఓడలు తెరిచాయి. 1492లో కొలంబస్ స్పెయిన్ నుంచి పడమరకు వెళ్ళి అమెరికా దీవులకు చేరాడు. వాస్కో డ గామా 1497 జూలై 8న లిస్బన్ నుంచి బయలుదేరి ఆఫ్రికా చుట్టూ తిరిగి 1498 మే 20న కాలికట్ తీరానికి వచ్చాడు. మొత్తం 316 రోజులు. చెనక్కాయ పంటకాలం 105 నుంచి 110 రోజులు కాబట్టి, వరసగా మూడు పంటలు తీసేంత కాలం సముద్రం మీదే గడిచిందన్నమాట. ఆ తర్వాత ఖండాల మధ్య మొక్కలు, జంతువులు, రోగాలు అటూ ఇటూ మారాయి. దీన్ని చరిత్రకారులు ‘కొలంబియన్ మార్పిడి’ అంటారు. ఆల్‌ఫ్రెడ్ క్రాస్బీ అనే చరిత్రకారుడు 1972లో రాసిన పుస్తకంతో ఆ మాట ప్రచారంలోకి వచ్చింది.

రైతుకు ఇక్కడ వెంటనే ఒక అనుమానం రావాలి. పది నెలలు ఓడలో పడి ఉన్న విత్తనం మొలుస్తుందా? ఒలిచిన పప్పు అయితే కష్టం. కాయగా ఉంచితే మొలకశక్తి నెలల తరబడి నిలుస్తుంది. మనవాళ్ళు కూడా కార్తీకం నాటికి ఇంటికి చేరిన కాయను ఎండబెట్టి, మళ్ళీ ముంగారు దాకా కాయగానే నిలవ ఉంచుతారు కదా. పైగా అమెరికా నుంచి మన తీరానికి ప్రయాణం అంత దీర్ఘమైనది కూడా కాదు. 1500లో కబ్రాల్ నాయకత్వంలో వచ్చిన పోర్చుగీసు నౌకలు దారిలో బ్రెజిల్ తీరాన్ని తాకి, మే మొదట్లో అక్కడ నుంచి కదిలి, సెప్టెంబరు నడుమకు కాలికట్ చేరాయి. అంటే సుమారు 134 రోజులు. విత్తనానికి అదేమంత పెద్ద గడువు కాదు.

చెనక్కాయ ఆసియాకు రెండు దారుల్లో వచ్చిందని శాస్త్రవేత్తలు చెబుతారు. ఒకటి బ్రెజిల్ నుంచి ఆఫ్రికా మీదుగా పోర్చుగీసు ఓడల దారి. రెండోది మెక్సికో నుంచి ఫిలిప్పీన్స్‌లోని మనీలాకు స్పెయిన్ ఓడల దారి. ఈ మనీలా ఓడలు 1565 నుంచి 1815 దాకా, రెండున్నర శతాబ్దాల పాటు నడిచాయి. పోర్చుగీసులు గోవాను పట్టుకున్నది 1510లో. అప్పుడు విజయనగరంలో శ్రీకృష్ణదేవరాయలు సింహాసనమెక్కి ఏడాదే అయింది. రాయలకు గుర్రాలు కావాలి, గోవా వాళ్ళకు గుర్రాల వ్యాపారం కావాలి. రాజు ఏటా 13,000 గుర్రాలు కొనేవాడని 1530ల్లో విజయనగరంలో ఉన్న పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాశాడు. సగటున రోజుకు 35 గుర్రాలు! గోవా నుంచి పీఠభూమి మీదికి అంత రాకపోకలు నడిచిన దారిలో కొత్త గింజలు కూడా వచ్చి ఉంటాయంటే ఆశ్చర్యమేముంది? 1565 యుద్ధంలో విజయనగరం కూలిన తర్వాత రాజధాని పెనుకొండకు మారింది. సముద్రం తాలూకు ప్రపంచం మన కొండల మధ్యకు అంత దగ్గరగా వచ్చిన కాలం అది.

“అయితే లేపాక్షి గుడి కట్టినప్పుడు కూలీలు చెనక్కాయలు నమల్లేదా?” అని అడగవచ్చు. లేదు. అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ ఆ గుడి కట్టించేనాటికి ఈ పల్లెల్లో సంగటి ఉంది, కొర్రన్నం ఉంది, జొన్నరొట్టె ఉంది, ఉలవచారు ఉంది. నూనెకు నువ్వులు, ఆముదాలు ఉన్నాయి. కారానికి మిరియాలు. చెనక్కాయ ఊరుబిండి మాత్రం లేదు. అలాగని అప్పుడున్నవన్నీ ఈ మట్టిలోనే పుట్టినవనీ అనుకోకూడదు. రాగి, జొన్న, సజ్జ వేల ఏళ్ళ కిందట ఆఫ్రికా నుంచి వచ్చాయి. కంది, ఉలవ మన దేశంలో పుట్టినవి. పంటలు ఊళ్ళు మారడం కొత్తేమీ కాదు. ఓడలు వచ్చాక ఆ మార్పు వేగం పెరిగింది, అంతే.

ఈ కథలో మనం తరచూ వదిలేసే లెక్క ఒకటుంది. ఈ పంటలను వేల ఏళ్ళు సాకినది అమెరికా మూలవాసులు. దక్షిణ బొలీవియా, ఉత్తర అర్జెంటీనా ప్రాంతంలో రెండు అడవి మొక్కలు కలిసి చెనక్కాయ పుట్టింది. పెరూలోని సిపాన్ అనే చోట 1987లో తవ్విన ఒక ప్రభువు సమాధిలో చెనక్కాయల ఆకారంలో చేసిన హారం దొరికింది. పది బంగారు కాయలు, పది వెండి కాయలు. మన తాళిలో కాసులు కూర్చినట్టు వాళ్ళు చెనక్కాయలు కూర్చారు. ఆ సమాధి సుమారు 1,700 ఏళ్ళ నాటిది. అంత గౌరవంగా పెంచినవాళ్ళకు ఏమైంది? యూరప్ నుంచి వచ్చిన మశూచి, తట్టు వంటి రోగాలు, యుద్ధాలు, బానిసత్వం కలిసి 1492 తర్వాత ఒక్క శతాబ్దంలో ఆ ఖండపు జనంలో పదిమందిలో తొమ్మిదిమందిని పొట్టనబెట్టుకున్నాయి. యూనివర్సిటీ కాలేజ్ లండన్ పరిశోధకులు 2019లో వేసిన అంచనా ప్రకారం పోయినవాళ్ళు సుమారు 5 కోట్ల 60 లక్షల మంది. ఇప్పటి ఆంధ్రప్రదేశ్ జనాభా 2011 లెక్కల్లో 5 కోట్లకు కాస్త తక్కువ. ఒక రాష్ట్రం మొత్తం ఖాళీ అయినా ఆ సంఖ్య నిండదు. మన ఊరుబిండి రుచి వెనక ఇంత నష్టం ఉందని మన పిల్లల చరిత్ర పాఠాల్లో చెప్పాలని నా కోరిక.

ఇక అసలు ప్రశ్న: చెనక్కాయ మన జిల్లా అంతా ఎలా పరుచుకుంది? మిరప వచ్చిన కొద్ది తరాల్లోనే ఊరూరా పాకింది. పెరట్లో నాలుగు మొక్కలుంటే ఇంటికి సరిపోతుంది కదా. చెనక్కాయ మాత్రం మూడు వందల ఏళ్ళకు పైగా చిన్న పంటగానే ఉండిపోయింది. జిల్లా అంతా పరుచుకోవడానికి ఓడ ఒక్కటే చాలలేదు, గిరాకీ కావలసి వచ్చింది. అది 19వ శతాబ్దంలో ఫ్రాన్స్ నుంచి వచ్చింది. మార్సెయి రేవులోని సబ్బు, నూనె మిల్లులకు గింజలు కావాలి. పుదుచ్చేరి అప్పుడు ఫ్రెంచి వాళ్ళ చేతిలో ఉంది. దాని పక్కనున్న దక్షిణ ఆర్కాటు జిల్లాలో రైతులు చెనక్కాయ వేసి రేవుకు పంపడం మొదలుపెట్టారు. అక్కడి నుంచి పంట మెల్లగా పడమరకు పాకింది. గుంతకల్లు మీదుగా రైలు పడ్డాక మన కాయ కూడా దూరపు మిల్లుకు చేరగలిగింది. 1940లో తమిళనాడులోని తిండివనం పరిశోధన కేంద్రం టీఎంవీ-2 రకాన్ని విడుదల చేసింది. మా వైపు మూడు తరాల రైతులు ఆ రకాన్నే చల్లారు.

విస్తీర్ణం ఎలా పెరిగిందో చూడండి. ఉమ్మడి అనంతపురం జిల్లాలో 1960ల మొదట్లో చెనక్కాయ సుమారు 2 లక్షల హెక్టార్లలో ఉండేది. 2000 తర్వాతి సంవత్సరాల్లో అది 7 లక్షల హెక్టార్లు దాటింది. అంటే 17 లక్షల ఎకరాల పైమాటే. కొండలు, గుట్టలు, చెరువులు, ఊళ్ళు అన్నీ కలిపితే ఉమ్మడి జిల్లా మొత్తం 19 లక్షల హెక్టార్లు. ఎక్కడ నిలబడి చూసినా కనిపించే నేలలో మూడో వంతుకు మించి ఒకే మొక్క. ప్రపంచంలో మరే జిల్లాలోనూ ఇంత చెనక్కాయ లేదని అప్పట్లో చెప్పుకునేవారు.

ఎందుకింత మక్కువ అంటే దానికి గట్టి కారణాలే ఉన్నాయి. మన ఎర్రనేల పలచన, గరుసు. కాయ పీకడానికి సులువు. చెనక్కాయ పప్పుజాతి మొక్క. వేళ్ళ బుడిపెల్లో ఉండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తాయి కాబట్టి ఎరువు ఖర్చు తక్కువ. కాయ మనిషికి, కట్టె పశువుకు. ఎండు కాలంలో ఎద్దులను బతికించేది ఆ కట్టె వామే. నూనె లెక్క కూడా చూద్దాం. కిలో కాయ ఒలిస్తే సుమారు 700 గ్రాముల పప్పు, గానుగ ఆడిస్తే అందులో 40 శాతం అనుకున్నా 280 గ్రాముల నూనె. మన దేశంలో మనిషికి ఏడాదికి 19 కిలోల దాకా వంటనూనె ఖర్చవుతోంది. నలుగురున్న ఇంటికి 76 కిలోలు. దానికి 270 కిలోల కాయ కావాలి. వర్షాధారంగా ఒక మోస్తరు ఏడాది ఒక ఎకరంలో పండేది ఇంచుమించు అంతే. 1986లో కేంద్రం నూనెగింజల మిషన్ పెట్టాక ధర కూడా కలిసొచ్చింది. 1994 తర్వాత పామాయిల్ దిగుమతులకు తలుపులు తెరిచే దాకా ఆ ఊపు సాగింది.

వాన సంగతికి వద్దాం. అనంతపురం వర్షచ్ఛాయ ప్రాంతంలో ఉంది. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే చాలావరకు కురిసేసి, మన వైపు ఖాళీగా వస్తాయి. ఈశాన్య వానలు తూర్పు తీరం నుంచి ఇంత లోపలికి వచ్చేసరికి బలహీనపడతాయి. ఆ రెండు వానల మధ్య మిగిలిపోయింది మన జిల్లా. ఏడాది సగటు 550 మిల్లీమీటర్ల దగ్గర, అందులో జూన్ నుంచి సెప్టెంబరు దాకా 338. మిల్లీమీటర్లంటే చాలామందికి అందని లెక్క. ఎకరం మీద ఒక్క మిల్లీమీటరు వాన పడితే 4,047 లీటర్లు. 338 మిల్లీమీటర్లంటే ఎకరానికి దాదాపు 13 లక్షల 68 వేల లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకర్లయితే 273.

“అన్ని ట్యాంకర్లు పడితే చాలదా?” చాలా దగ్గరగా వస్తుంది, కానీ నిండదు. పంటకు రోజుకు సగటున 4 మిల్లీమీటర్ల నీరు కావాలనుకుంటే 110 రోజులకు 440. ముంగారు సగటు అంతకు 100 తక్కువ. ఆ లోటును అక్టోబరు వానలు పూడ్చాలి. పైగా పడ్డ వానంతా చేనులో నిలవదు, కొంత వాగులో పోతుంది. మొత్తం ఎంత అన్నదాని కంటే ఎప్పుడు పడింది అన్నదే ఇక్కడ పంటను నిలబెట్టేది, పడగొట్టేది.

దానికి కారణం మొక్క తీరులోనే ఉంది. చెనక్కాయ పూసేది పైన, కాసేది కింద. పసుపుపచ్చ పూవు పొద్దున విచ్చుకుంటుంది, వాడిపోతుంది. ఆ తర్వాత పూవు మొదలు నుంచి సన్నని ఊడ కిందికి సాగి, మట్టిలోకి దిగి, దాని కొన కాయగా ఊరుతుంది. ఊడ దిగే ఆ వారాల్లో పైమట్టి తడిగా, మెత్తగా ఉండాలి. మన ఎర్రనేల ఎండితే గట్టిపడిపోతుంది. ఊడ దిగలేక గాలిలోనే వాడిపోతుంది. చేను పైకి పచ్చగానే ఉంటుంది, పీకి చూస్తే రెండు మూడు కాయలు. ఆగస్టులో మూడు వారాలు వాన ఎగ్గొడితే ఆ ఏడాది అయిపోయినట్టే అని ఇక్కడ రైతులు అనేది ఇందుకే.

నష్టం అంత పెద్దదిగా ఎందుకు తగులుతుందో విత్తనం లెక్క చెబుతుంది. చెనక్కాయకు ఎకరానికి కనీసం 60 కిలోల పప్పు కావాలి. అంత పప్పుకు 85 కిలోల కాయ ఒలవాలి. ఎకరానికి 280 కిలోలు పండిన ఏడాది అందులో 30 శాతం తిరిగి విత్తనానికే. 100 కిలోలే వస్తే 85 శాతం! ఇంట్లోకి మిగిలేది 15 కిలోలు. అదే కొర్ర అయితే ఎకరానికి 2 కిలోల విత్తనం చాలు, 90 రోజుల లోపే కోతకు వస్తుంది. విత్తనం కిలో 100 రూపాయలనుకుంటే చెనక్కాయకు ఎకరానికి 6,000 మట్టిలో పోస్తాం, కొర్రకు 200. వాన రాకపోతే పోయేది కూడా అంతే. అప్పు పుట్టేది ఈ తేడాలోనే. కూలీలు, దుక్కి, మందులు దీనిపైన అదనం.

ఒకే పంటతో వచ్చే ముప్పు 2000 సంవత్సరం ముంగారులో తెలిసొచ్చింది. జిల్లాలో 2 లక్షల 25 వేల హెక్టార్ల చెనక్కాయకు కాండం కుళ్ళు వైరస్ తెగులు సోకింది. నష్టం 300 కోట్ల రూపాయలకు పైగా అని శాస్త్రవేత్తలు అంచనా కట్టారు. దెబ్బతిన్న నేలకు పంచితే ఎకరానికి సుమారు 5,400 రూపాయలు, అదీ ఆనాటి రూపాయల్లో. ఆ వైరస్‌కు ఆశ్రయం ఇచ్చింది చేల గట్ల మీద, రోడ్ల పక్కన పెరిగిన వయ్యారిభామ. దాని పుప్పొడి మీద ఉన్న వైరస్‌ను తామరపురుగులు పంటకు చేర్చాయి. వయ్యారిభామ కూడా అమెరికా మొక్కే. మన దేశంలో 1950ల్లో పుణె దగ్గర శాస్త్రవేత్తల కంటపడింది. అయిదొందల ఏళ్ళ కిందట మొదలైన మార్పిడి ఆగిపోయిందని అనుకోవడానికి వీల్లేదు. గట్ల మీది నాగజెముడు సంగతీ అంతే. అదీ అమెరికాదే. ఎర్ర రంగునిచ్చే పురుగును పెంచడానికి 18వ శతాబ్దం చివర్లో మద్రాసులో డాక్టర్ జేమ్స్ ఆండర్సన్ ప్రత్యేకంగా తోటే వేయించాడు.

ఇదంతా విన్నాక “బయటి పంటను వదిలేసి మన పంటలకు పోదాం” అనేవాళ్ళున్నారు. వాళ్ళ ఆవేదన అర్థమవుతుంది, కానీ ఆ మాట నిలవదు. ఈమధ్య చెనక్కాయ తగ్గిన చేలల్లోకి వచ్చిన పంటలను చూడండి. మొక్కజొన్న అమెరికాది. ఇప్పుడు ఎక్కువగా వేస్తున్న పత్తి జాతి, బొప్పాయి, టమోటా కూడా అక్కడివే. ఆముదం ఆఫ్రికాది. కంది మాత్రమే మనది. ఎక్కడ పుట్టింది అన్నదాన్ని బట్టి పంటను తీసేస్తే పొద్దున బజ్జీ కూడా మిగలదు. నా దృష్టిలో చెనక్కాయ తప్పేమీ లేదు. మూడో వంతు నేలను ఒక్కదానికే అప్పగించడమే తప్పు. ఆ తప్పులో రైతుకంటే ఎక్కువ వాటా దశాబ్దాల తరబడి ఈ ఒక్క పంట చుట్టూనే అప్పు, బీమా, విత్తన రాయితీలను అల్లిన విధానాలది.

పరిష్కారాలు కూడా దగ్గర్లోనే ఉన్నాయి. కదిరిలోని వ్యవసాయ పరిశోధన కేంద్రం బెట్టను తట్టుకునే రకాల మీద ఏళ్ళుగా పనిచేస్తోంది. కదిరి-6, ఇటీవలి కదిరి లేపాక్షి అక్కడి నుంచి వచ్చినవే. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ విత్తన నిధిలో 15 వేలకు పైగా చెనక్కాయ నమూనాలు ఉన్నాయి. పుట్టుకలోనే రెండు అడవి మొక్కల కలయికకు పరిమితమైన పంట కాబట్టి ఆ వైవిధ్యం మనకు పెట్టని కోట. వైరస్ తెగులుకు వాళ్ళు చెప్పిన ఉపాయాల్లో ఒకటి చాలా చవక: చేను చుట్టూ నాలుగు సాళ్ళు జొన్న గాని సజ్జ గాని వేస్తే తామరపురుగులకు అడ్డు. వాటితోపాటు గట్ల మీది వయ్యారిభామను పూత రాకముందే పీకేయాలి.

ఈ ముంగారుకు విత్తనం కొనబోయే రైతన్నలకు నా విన్నపం ఇది. ఏడెనిమిది సాళ్ళ చెనక్కాయకు ఒక సాలు కంది వేయండి. ఉన్న నేలలో కనీసం మూడో వంతు కొర్రకో, ఉలవకో, జొన్నకో వదలండి. ఎకరానికి పోసే 60 కిలోల విత్తనం ఖరీదును కాగితం మీద రాసుకుని, వాన ఎగ్గొడితే ఎంత పోతుందో ఇంట్లో ఆడవాళ్ళతో కలిసి లెక్క చూసుకున్న తర్వాతే అప్పు అడగండి.